బట్టమేకకు ఎదురుగా ఉన్న తీగ ఎందుకు కనిపించదు: థార్‌లో ఒక కరెంటు లైను కేస్ స్టడీ

కరెంటు తీగలకు తగిలి పక్షులు చనిపోతున్నాయని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది ఒకటే. "పక్షుల చూపు మనకన్నా చురుకు కదా, అంత పెద్ద లైను కనిపించదా?" లైన్లు వేసే ఇంజినీర్లు అడుగుతారు, అటవీ శాఖ వాళ్లు అడుగుతారు, గట్టు మీద కూర్చున్న రైతులూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు తెలియకుండా లైనుకు ఏం తగిలించినా సగం పనే అవుతుంది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహమ్ మార్టిన్, దక్షిణాఫ్రికాలో పక్షుల మీద పనిచేసిన జెస్సికా షా కలిసి కొన్ని పెద్ద పక్షుల చూపును డిగ్రీల్లో కొలిచి, ఆ ఫలితాలను 2010లో ప్రచురించారు. ఆ కొలతలు జైసల్మేర్ జిల్లాలో ఒక లైను విషయంలో మా నిర్ణయాన్ని ఎలా మార్చాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

విద్యుత్ లైన్లు, గాలిమరలు వచ్చే చోట్ల పక్షులకు ఎంత నష్టం జరుగుతోందో అంచనా వేసి, ఏం చేయాలో సలహా ఇవ్వడం నా పని. ఈ కేసులో లైను యజమాని ఎవరో, కాంట్రాక్టర్ ఎవరో చెప్పను. విషయానికి ఆ వివరాలు అక్కర్లేదు.

ఏ పక్షి, ఏ నేల

బట్టమేక పిట్ట అంటే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. రాజస్థాన్‌లో గోడావణ్ అంటారు, అది ఆ రాష్ట్ర పక్షి కూడా. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ప్రపంచంలోనే అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ ఒక విడతకు సాధారణంగా ఒక్కటే. మిడతలు, పేడపురుగులు, తొండలు, రేగుపళ్లు, గింజలు, దొరికింది తింటూ గడ్డి మైదానంలో నెమ్మదిగా నడుస్తూ బతుకుతుంది. ఇప్పుడు మిగిలినవి 150కి అటూ ఇటూ మాత్రమే. అందులో అత్యధికం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి. 2011 నుంచి ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది.

నా సొంతూరు నందికొట్కూరు వైపు కాబట్టి ఈ పక్షి పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్కడికి దగ్గర్లోనే రోళ్లపాడు. ఒకప్పుడు దేశంలో బట్టమేకలకు పేరున్న చోట్లలో అదొకటి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు 1980ల్లో ఏళ్ల తరబడి అక్కడ ఉండి వాటిని అధ్యయనం చేశారు. 1988లో 614 హెక్టార్లతో అభయారణ్యం ఏర్పడింది. తర్వాత చుట్టుపక్కల సాగునీరు వచ్చింది, మెట్ట పైర్లు మారాయి, బీళ్లు తగ్గాయి, బట్టమేకలు కనుమరుగయ్యాయి. రోళ్లపాడులో ఆ పక్షిని పోగొట్టుకున్నది ప్రధానంగా నేల మారిపోవడం వల్ల. థార్‌లో పరిస్థితి వేరు. గడ్డి నేల ఇంకా చాలా చోట్ల ఉంది. గుడ్లు పెడుతున్నాయి, పిల్లలు బతుకుతున్నాయి. పెరిగి పెద్దదైన పక్షే తీగకు తగిలి పోతోంది.

ఏడాదికి ఒక్క పిల్లను పెంచడమే గగనమయ్యే జాతిలో పెద్ద పక్షి చనిపోవడం ఎంత నష్టమో లెక్క వేస్తే గుండె బరువెక్కుతుంది. గుడ్డు పోతే మళ్లీ పెడుతుంది. పదేళ్లో పదిహేనేళ్లో గుడ్లు పెట్టాల్సిన ఆడపక్షి పోతే ఆ లోటు తీరదు. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా థార్‌లో లైన్ల కింద నడిచి చేసిన సర్వేలో దాదాపు 40 జాతుల పక్షుల కళేబరాలు దొరికాయి. దాని ఆధారంగా 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఏటా సుమారు 84 వేల పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని వాళ్లు అంచనా కట్టారు. బట్టమేకకు ప్రస్తుతం ఉన్న ముప్పుల్లో అతిపెద్దది కరెంటు లైన్లేనని ఆ సంస్థ స్పష్టంగా చెప్పింది.

మాకు అప్పగించిన చోట రెండు లైన్లు దాదాపు పక్కపక్కనే పోతున్నాయి. ఒకటి పాత 33 కేవీ (33 వేల వోల్టుల) లైను, సిమెంటు స్తంభాల మీద ఉంది. రెండోది 220 కేవీ లైను, ఎత్తైన టవర్ల మీద, పైన సన్నటి ఎర్త్ వైరుతో ఉంది. ఒకవైపు సేవణ్ గడ్డి పెరిగిన మైదానం, మరోవైపు సజ్జ, గోరుచిక్కుడు వేసే చేలు. బట్టమేకలు పొద్దున గడ్డి నుంచి చేలవైపు, సాయంత్రం చేల నుంచి గడ్డివైపు వెళ్తాయి. అంటే రోజూ ఈ రెండు లైన్లనూ దాటాల్సిందే.

కళేబరం చదవడం

లైను కింద దొరికిన ప్రతి పక్షీ తీగకు తగిలే చనిపోలేదు. షాక్ కొట్టి చనిపోవడం వేరు, ఢీకొని చనిపోవడం వేరు, రెండింటికీ మందు వేరు. అందుకే మొదటి పని కళేబరాన్ని జాగ్రత్తగా చూడడం.

సర్వే మొదట్లోనే ఒక డెమాయిసెల్ క్రేన్ దొరికింది. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే ఈ పక్షిని అక్కడివాళ్లు కుర్జా అంటారు. రెండు టవర్లకు సరిగ్గా మధ్యలో, తీగలు బాగా కిందికి వేలాడే చోట పడి ఉంది. కుడి రెక్క భుజం దగ్గర విరిగి ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. రొమ్ము ఎముక మీద అడ్డంగా ఒక గీతలాంటి దెబ్బ. ఈకల మీద కాలిన మచ్చ లేదు, కాళ్ల మీద లేదు, వాసన కూడా లేదు. షాక్ కొట్టిన పక్షి అయితే సాధారణంగా స్తంభం మొదట్లో దొరుకుతుంది, ఈకలు మాడి ముడుచుకుపోయి ఉంటాయి, కాలి వేళ్ల దగ్గర కాలిన గుర్తు కనిపిస్తుంది. ఇక్కడ అవేమీ లేవు. ఈకలు మాత్రం కళేబరం నుంచి గాలివాలులో చాలా దూరం దాకా ముళ్లకంపలకు చిక్కుకుని ఉన్నాయి. అంటే పైనే, వేగంలో ఉండగానే దెబ్బ తగిలింది.

ఎర్త్ వైరు గురించి ఒక మాట చెప్పాలి. కరెంటు మోసే తీగలు లావుగా ఉంటాయి, కొన్నిచోట్ల రెండేసి కలిపి ఉంటాయి. పిడుగుల నుంచి కాపాడడానికి అన్నిటికన్నా పైన కట్టే ఎర్త్ వైరు సన్నగా, ఒంటరిగా ఉంటుంది. పక్షి చివరి క్షణంలో లావు తీగలను చూసి పైకి లేస్తుంది, లేచి నేరుగా ఎర్త్ వైరుకు తగులుతుంది. చాలా దేశాల్లో ఇదే గమనించారు. పక్షులకు తీగ కనబడేలా తగిలించే మెరిసే బిళ్లలను, అంటే డైవర్టర్లను, ముందు ఎర్త్ వైరుకే బిగించేది అందుకే.

లెక్క విషయంలో తొందరపడకూడదు. రాత్రి పడిన పక్షిని తెల్లారేలోపు కుక్కలు, నక్కలు లాక్కెళ్తాయి. ఊరి కోళ్ల షెడ్డు నుంచి చచ్చిన కోళ్లు తెచ్చి, లైను కింద గుర్తుపెట్టి, ఎన్ని రోజులు మిగులుతాయో చూసే పద్ధతి ఒకటుంది. మేమూ చేశాం. ఊరికి దగ్గరగా పెట్టినవి మర్నాటికి ఒక్కటీ లేవు, ఈకలు కూడా మిగల్లేదు. కాబట్టి "మా లైను కింద ఏమీ దొరకలేదు" అని ఎవరైనా రాసిస్తే, వాళ్లు ఎన్నాళ్లకోసారి నడిచారో అడగాలి.

మార్టిన్ కొలిచింది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. లైను కనిపించదా?

గ్రాహమ్ మార్టిన్ తన పరిశోధన జీవితమంతా పక్షుల ఇంద్రియాల మీదే గడిపారు. గుడ్లగూబల కళ్లతో మొదలుపెట్టి డజన్ల కొద్దీ జాతుల చూపు ఏ దిశలో ఎంతవరకు విస్తరించిందో కొలిచారు. పద్ధతి వినడానికి సులువే, చేయడానికి చాలా ఓపిక కావాలి. పక్షిని మెత్తటి దిండుల మధ్య కదలకుండా పట్టి, ముక్కును ఒక ప్రత్యేకమైన పట్టులో ఉంచి, తల చుట్టూ అర్ధచక్రంలా తిరిగే ఒక చట్రం అమరుస్తారు. ఆ చట్రం మీద కంటి డాక్టర్లు వాడే ఆఫ్తాల్మోస్కోప్ ఉంటుంది. దాన్ని డిగ్రీ డిగ్రీ జరుపుతూ, కంటి లోపలి రెటీనా అంచు ఎక్కడిదాకా కనిపిస్తోందో గుర్తిస్తారు. రెటీనా మనకు కనిపించే దిశ నుంచే పక్షికీ మనం కనిపిస్తాం. రెటీనా అంచు దాటితే అక్కడ నుంచి పక్షికి ఏమీ కనబడదు. కొలత అయ్యాక పక్షిని వదిలేస్తారు, దానికి ఏ హానీ లేదు.

2010 అధ్యయనంలో మూడు జాతులను ఇలా కొలిచారు. కోరి బస్టర్డ్, బ్లూ క్రేన్, వైట్ స్టార్క్. వీటిలో కోరి బస్టర్డ్ మనకు ముఖ్యం. ఆఫ్రికా పక్షే అయినా మన బట్టమేకకు దగ్గరి చుట్టం. శాస్త్రీయంగా రెండూ ఆర్డియోటిస్ అనే ఒకే ప్రజాతివి. ఆకారం, బరువు, నడక, తిండి, అన్నీ ఒకే తీరు.

తేలింది ఏమిటంటే, కోరి బస్టర్డ్‌కు రెండు కళ్లూ కలిపి చూసే ముందు భాగం నిలువుగా చూస్తే చాలా పొట్టి. తల పైన, నుదుటి నుంచి వెనక్కి, పెద్ద గుడ్డి ప్రాంతం ఉంది. తల మామూలుగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. తలను 25 డిగ్రీలు కిందికి వంచితే మాత్రం ఆ గుడ్డి ప్రాంతం ముందుకు జారి, పక్షి వెళ్తున్న దిశ పూర్తిగా అందులో పడిపోతుంది. బ్లూ క్రేన్‌కు ఇదే 35 డిగ్రీల దగ్గర జరుగుతుంది. వైట్ స్టార్క్ అయితే 55 డిగ్రీలు వంచాలి. టోపీ అంచును కళ్ల మీదికి లాక్కుని, తల వంచి కాళ్లకింద వెతుక్కుంటూ పరుగెత్తే మనిషికి ఎదురుగా తలుపు ఉన్నా తెలియనట్టే ఇదీ.

25 డిగ్రీలు అంటే ఎంతో కాదు. కిందున్న పొలంలో ఏముందో చూడాలంటే ఏ పక్షయినా అంత వంచుతుంది. దిగడానికి చోటు ఎక్కడ, తిండి ఎక్కడ, తోటి పక్షులు ఎక్కడ ఉన్నాయి అని ఎగురుతూనే కిందికి చూసే పక్షి ఆ కాసేపు ముందుకు గుడ్డిగానే ఎగురుతోందని మార్టిన్ వాదన. తీగ సన్నగా ఉండడం, మంచు పట్టడం, వెలుతురు తగ్గడం లాంటివన్నీ దీని తర్వాతే. మిట్ట మధ్యాహ్నం, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా పక్షులు పెద్ద లైన్లకు ఎందుకు తగులుతున్నాయో దీంతో అర్థమవుతుంది.

ఇలాంటి చూపు ఎందుకొచ్చింది అనే ప్రశ్నకు కూడా ఆయన దగ్గర మంచి వివరణ ఉంది. పక్షుల్లో ముందువైపు చూపు ప్రధానంగా ముక్కు కోసం. గింజను, పురుగును ముక్కు కొసతో కచ్చితంగా అందుకోవాలంటే ఆ కొస కళ్లకు కనబడాలి. నీటిలో ముక్కు పెట్టి వడగట్టుకు తినే మల్లార్డ్ బాతుకు ఆ అవసరం లేదు, కాబట్టి దాని కళ్లు పైకి, పక్కలకు జరిగి, తల పైన మొత్తం ఆకాశం కనిపిస్తుంది. బస్టర్డ్ చూసి పొడుచుకుని తినే పక్షి. పైగా కళ్లు పెద్దవి. ఎండలో రోజంతా తిరిగే పెద్ద కళ్ల పక్షికి సూర్యబింబం నేరుగా రెటీనా మీద పడకుండా ఉండడం అవసరం. తల పైనున్న గుడ్డి ప్రాంతం అందుకు పనికొస్తుంది. లక్షల ఏళ్లుగా మైదానం మీద ఆకాశంలో అడ్డమేమీ లేదు. ఆ ఏర్పాటు ఆ లోకానికి సరిగ్గా సరిపోయింది. తీగలు వచ్చి నూరేళ్లు దాటి ఎంతోకాలం కాలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. మనకు స్పష్టమైన చూపు ముందుకే ఉంటుంది కాబట్టి పక్షులకూ అంతే అనుకుంటాం. చాలా పక్షులకు అతి స్పష్టంగా కనిపించేది పక్కలకు. పెరట్లో కోడి ఆకాశంలో గద్దను చూసేటప్పుడు గమనించండి, మెడ పక్కకు వంచి ఒక్క కన్నుతోనే చూస్తుంది. అంటే తల నిటారుగా పెట్టి ఎగురుతున్నా, ఎదురుగా ఉన్నది దానికి మనకు కనిపించినంత వివరంగా కనిపించకపోవచ్చు. మార్టిన్ బృందం 2012లో రాబందుల మీద చేసిన కొలతల్లో కూడా తల పైన ఇలాంటి గుడ్డి ప్రాంతమే బయటపడింది. గాలిమరలకు రాబందులు తగలడాన్ని దాంతోనే వివరించారు.

కారూలో తేలిన సంగతి

ఈ కొలతలు నిజమైతే ఒక విషయం జరగాలి. తీగలకు మెరిసే బిళ్లలు తగిలిస్తే, ముందుకు చూస్తూ ఎగిరే పక్షులకు ఉపయోగపడాలి, తల వంచగానే గుడ్డిదయ్యే పక్షికి పెద్దగా పనికిరాకూడదు.

దక్షిణాఫ్రికాలోని కారూ మైదానాల్లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. జెస్సికా షా, ఆమె సహచరులు కొన్ని లైన్లకు ఇలాంటి బిళ్లలు (మార్కర్లు) పెట్టి, కొన్నిటికి పెట్టకుండా వదిలి, ముందూ తర్వాతా ఏళ్ల తరబడి కళేబరాలు లెక్కపెట్టారు. 2021లో ఫలితం వచ్చింది. పెద్ద పక్షులన్నీ కలిపి చూస్తే మరణాలు 51 శాతం తగ్గాయి. బ్లూ క్రేన్లలో ఏకంగా 92 శాతం తగ్గాయి. బస్టర్డ్‌లలో మాత్రం ప్రభావం కనిపించలేదు. అక్కడ ఎక్కువగా చనిపోయేది లుడ్విగ్స్ బస్టర్డ్, ఏటా వేల సంఖ్యలో.

నా దృష్టిలో మన దేశంలో ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ చూడాల్సిన ఫలితం ఇది. సగటు 51 శాతం అని చదివి సంతోషపడితే అందులో బస్టర్డ్ కనిపించదు. ఆ సగటును క్రేన్లు లాక్కొచ్చాయి. మనం లైన్లకు డైవర్టర్లు పెడుతున్నది మాత్రం బస్టర్డ్ పేరు మీద.

లైను దగ్గర మా చర్చ

కాంట్రాక్టర్ ప్రతిపాదన సూటిగా ఉంది. రెండు లైన్లకూ, మొదటి స్తంభం నుంచి చివరిదాకా డైవర్టర్లు. సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 19న ఇచ్చిన ఆదేశం దృష్టిలో పెట్టుకునే వాళ్లు అలా రాశారు. వన్యప్రాణుల సంరక్షణకు పనిచేసే ఎం.కె. రంజిత్‌సింహ్ వేసిన కేసులో వచ్చిన ఆ ఆదేశం, బట్టమేకలు తిరిగే ప్రాంతాల్లో వీలైన చోట లైన్లను భూమిలోకి దించాలని, అప్పటిదాకా డైవర్టర్లు పెట్టాలని చెప్పింది. 2024 మార్చి 21న కోర్టు దాన్ని సవరించి, ఎక్కడ ఏది సాధ్యమో తేల్చమని నిపుణుల కమిటీని వేసింది. దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లలో అన్ని లైన్లనూ పాతిపెట్టడం కుదరదన్నది ప్రభుత్వ వాదన. సౌర విద్యుత్తు కూడా దేశానికి కావాలి కదా అనే ప్రశ్న అందులో ఉంది. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. మా ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే 2017 నుంచి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. దాని అవసరం నాకు తెలుసు.

సైట్ ఇంజినీరు అనంతపురం అతను. లైనుకు అవతల జీపు ఆపి అడిగాడు. "సార్, డైవర్టర్ మెరుస్తుంది, తిరుగుతుంది, రాత్రిపూట కూడా కనిపిస్తుంది. ఇంకేం కావాలి?"

"అది చూసేవాడికి కనిపిస్తుందయ్యా. ఇది చూడడం లేదు, అదీ సమస్య" అన్నాను. తర్వాత అతన్ని కూర్చోబెట్టి 25 డిగ్రీలు అంటే ఎంతో చేత్తో చూపించాను. కొంతసేపు లైను వైపే చూస్తూ ఉండిపోయి, "మరి దీనికి తీగ లేకపోవడమే మార్గమా?" అన్నాడు. ఆ మాట మీదే మిగతా చర్చ నడిచింది.

33 కేవీ లైను విషయంలో మా సలహా సూటిగా ఉంది. గడ్డి మైదానానికీ చేలకూ మధ్య పక్షులు రోజూ దాటే భాగాన్ని భూమిలోకి దించండి. ఈ వోల్టేజీలో భూగర్భ కేబుల్ కొత్త విషయం కాదు, పట్టణాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. ఖర్చు ఎక్కువే, కానీ తీగ లేనిచోట చూపు సమస్యే ఉండదు. ఆస్ట్రియా సరిహద్దు మైదానాల్లో గ్రేట్ బస్టర్డ్‌లను కాపాడుకోవడానికి ఇదే దారి పట్టారు. కొన్ని లైన్లను పాతిపెట్టి, మిగతావాటికి మార్కర్లు పెట్టిన తర్వాత ఢీకొని చనిపోయేవి త్వరగా తగ్గాయి.

220 కేవీ దగ్గర అలా తేలిగ్గా చెప్పలేం. ఆ వోల్టేజీలో కేబుల్ ధర చాలా ఎక్కువ. వేడి బయటికి పోవడానికి నేల తీరు చూడాలి. పొడవు పెరిగేకొద్దీ కేబుల్ తనే చార్జింగ్ కరెంటు లాగుతుంది, దాన్ని సర్దడానికి రియాక్టర్లు అనే విద్యుత్ పరికరాలు కావాలి. ఎక్కడైనా లోపం వస్తే తవ్వి, వెతికి, జాయింటు వేయడానికి రోజులు పడుతుంది. ఇంజినీర్లు చెప్పే ఈ ఇబ్బందులు నిజమైనవే. అందుకే అక్కడ డైవర్టర్లకు ఒప్పుకున్నాం, కొన్ని షరతులతో.

ఒకటి, బిళ్ల పెద్దదై ఉండాలి, గాలికి కదలాలి, నలుపు తెలుపుల్లాంటి గట్టి తేడా ఉండాలి. రంగు అందంగా ఉండడం ముఖ్యం కాదు. రెండోది నిర్వహణ. ఇది చాలా చోట్ల గాలికి వదిలేస్తున్నారు. వేరే లైను కింద ఇసుకలో నాకు దొరికిన ఒక డైవర్టర్ ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ బిళ్ల. రెండు వైపులా ఉన్న మెరిసే స్టిక్కర్ ఇసుక గాలికి గీసుకుపోయి బూడిదరంగుకు తిరిగింది. తీగను పట్టుకునే క్లిప్పు దవడ లోపల రబ్బరు అరిగి నున్నగా అయింది. బిళ్లను క్లిప్పుకు కలిపే కొక్కెం ఊగి ఊగి సగం తెగింది. కాగితాల్లో అది ఇంకా తీగ మీదే ఉండి పక్షులను కాపాడుతోంది. అందుకే ఒప్పందంలో బిగించిన సంఖ్యతో పాటు, ప్రతి వేసవి తర్వాత తీగ మీద మిగిలిన సంఖ్య కూడా రాయాలని పట్టుబట్టాం.

మూడో షరతు మార్టిన్ రాసినదాంట్లోంచే వచ్చింది. ఎగిరే పక్షి కిందికి చూస్తుంటే, దాని దృష్టిని తీగ మీదికి తేవడం కన్నా, అది చూసే నేల మీదే ఏదైనా చేయడం మేలని ఆయన సూచించారు. లైనుకు దూరంగా తిండి దొరికే చోట్లు ఉంటే పక్షి అటే వెళ్తుంది. మేం రైతులతో మాట్లాడి, లైను కింది చేల పక్కన బీడును అలాగే ఉంచే బదులు, లైనుకు బాగా ఇవతల, గడ్డి మైదానం వైపే కొన్ని చెక్కల్లో పురుగుమందు కొట్టకుండా సజ్జ వదిలేయమని అడిగాం. నష్టపరిహారం ప్రాజెక్టు ఇచ్చేట్టు ఒప్పుకుంది. ఒక పెద్దాయన మాత్రం "గోడావణ్ మా చేలోకి రావడం శుభమే, దానికి డబ్బు ఎందుకు" అన్నాడు. ఇంకొకాయన పరిహారం ముందే చేతికి ఇస్తేనే మాట్లాడతానన్నాడు. ఇద్దరి చేలూ జాబితాలో ఉన్నాయి.

ఫలితాన్ని ఎలా చూడాలి

33 కేవీ భాగం భూమిలోకి దిగింది. స్తంభాలు తీసేశారు. ఆ పని నేను దగ్గరుండి చూశాను, చాలా సంతోషమనిపించింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, ఈ రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలి. బట్టమేకలు అంత తక్కువగా ఉన్నప్పుడు, ఒక లైను కింద ఒక ఏడాదంతా ఒక్కటీ చనిపోకపోవడం దేనికీ రుజువు కాదు. ఏమీ చేయకపోయినా ఆ ఏడాది సున్నా రావచ్చు. "డైవర్టర్లు పెట్టాక ఒక్క బట్టమేక కూడా చనిపోలేదు" అని నివేదికలో రాయడం చాలా సులభం, రాసినవాళ్లూ ఉన్నారు. దాంతో ఏమీ తెలియదు. కాబట్టి మేం మరణాలను కాక దాటడాన్ని లెక్కపెడుతున్నాం. పొద్దున, సాయంత్రం పక్షులు లైనును ఏ ఎత్తులో దాటుతున్నాయి, ఎంత దూరంలో ఎత్తు పెంచుకుంటున్నాయి, ఎన్నిసార్లు చివరి క్షణంలో తప్పించుకుంటున్నాయి, ఇవన్నీ జాతివారీగా రాస్తున్నాం. క్రేన్లు డైవర్టర్లున్న భాగాన్ని దూరం నుంచే గుర్తించి పైకి లేస్తున్నట్టు స్పష్టంగా కనిపిస్తోంది. బస్టర్డ్‌ల విషయంలో అలా చెప్పేంత తేడా నాకు కనిపించలేదు. ఒక ఆడపక్షి ఒక సాయంత్రం తీగలకు కాస్త పైనుంచి దాటుతూ మెడ కిందికే వంచి ఉంచడం బైనాక్యులర్స్‌లో చూశాను. అది లైనును చూసి ఎత్తు పెంచిందా, మొదటి నుంచీ ఆ ఎత్తులోనే ఉందా అన్నది ఆ ఒక్కసారి చూసి తేల్చలేను.

ఈ అనుభవంతో లైన్ల అనుమతుల దగ్గర నేను ఇప్పుడు అడిగే క్రమం మారింది. బస్టర్డ్‌లు తిరిగే నేలైతే, ముందు లైను దారి మార్చగలమా అని అడుగుతాను. కుదరకపోతే పక్షులు దాటే భాగం వరకైనా భూమిలోకి దించగలమా అని. డైవర్టర్ మాట ఆ తర్వాతే. క్రేన్లు, కొంగలు, బాతులు ఎక్కువగా ఉండే చెరువుల దగ్గరైతే డైవర్టర్లు నిజంగా పనిచేస్తాయి, అక్కడ సందేహం లేకుండా పెట్టమంటాను. జాతి ఏదో తెలియకుండా పరికరం ఖరారు చేయకూడదు.

కర్నూలు, నంద్యాల, అనంతపురం మైదానాల్లో కొత్త లైన్లు వస్తున్నాయి. సరిహద్దుకు అవతల కర్ణాటకలోని సిరుగుప్ప చేలల్లో బట్టమేకలు కనిపించిన దాఖలాలు ఉన్నాయి. రోళ్లపాడు చుట్టూ చలికాలంలో గడ్డి గద్దలు (హారియర్లు) దిగుతాయి. రోళ్లపాడుకు పేరు తెచ్చిన మరో పక్షి నేల నెమలి (లెస్సర్ ఫ్లోరికన్) కూడా బస్టర్డ్ కుటుంబానిదే. అందుకే ఆ మైదానాల్లో లైను ఖరారయ్యే ముందు కనీసం ఒక వానాకాలం, ఒక చలికాలం పక్షుల దారులు గుర్తించమని రాష్ట్రంలో ఈ పనిలో ఉన్న మిత్రులను అడుగుతున్నాను. జైసల్మేర్‌లో 220 కేవీ లైను ఇంకా అలాగే ఉంది, డైవర్టర్లతో. వేసవి తర్వాత తీగ మీద ఎన్ని మిగిలాయో చూసే తనిఖీ ఇంకా జరగాల్సి ఉంది. ఆ అంకె వచ్చాక, పక్షులు దాటిన తీరు నమోదులతో కలిపి, ఆ భాగానికి కేబుల్ అడగాలా వద్దా అన్నది కమిటీ ముందు పెడతాం.